మందు కొట్టే రోజుల్లో బడికి రాని పిల్ల

పిల్లల తరఫున కోర్టులో నిలబడే పని మీకెలా అబ్బిందండీ అని జూనియర్లు అడుగుతుంటారు. ఏదో ఆశయం కొద్దీ అని చెబితే వినడానికి బాగుంటుంది. నిజానికి ఆ రోజు జడ్జి గారు తలెత్తి హాలంతా కలయజూసినప్పుడు తెలివైన వకీళ్ళందరూ కాగితాల్లోకి తలలు దించేసుకున్నారు. నేనొక్కడినే కిటికీలోంచి బజ్జీల బండి వైపు చూస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి ఆయన చూపు నా మీద ఉంది.

"మీరే" అన్నారు.

కోర్టు గార్డియన్ అనే మాట మీకు కొత్త కాదు. ఆస్తి పంపకాల దావాల్లో మైనరుకు పెద్దదిక్కుగా ఒక వకీలును వేస్తారు. ఆ రోజుల్లో మేము మైనరు ముఖం కూడా చూసేవాళ్ళం కాదు. 'కోర్టువారు న్యాయంగా నిర్ణయించవలసిందిగా ప్రార్థన' అని ఒక్క వాక్యం రాసి, సంతకం గీకి, టీ తాగడానికి పోయేవాళ్ళం. తల్లీ తండ్రీ పిల్ల కోసం కొట్టుకునే కేసుల్లో అలా వేయడం మా దగ్గర అరుదు. ఈ జడ్జి గారు కొత్తగా వచ్చారు.

"తండ్రికి వకీలున్నాడు. తల్లికీ ఉన్నాడు. ఇద్దరూ పిల్ల పేరు చెప్పే అరుస్తున్నారు. పిల్లకే ఎవరూ లేరు. మీరు వెళ్ళి ఆ పిల్లకేం కావాలో, ఏది మంచిదో చూసి చెప్పండి. ఒక్క వాక్యం రాసుకొస్తే మాత్రం ఊరుకోను" అన్నారు.

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. గుంటూరులో మాది ఎండుమిరపకాయల కొట్టు. ఎక్కాలకంటే ముందు నాకు బేరం వచ్చింది. మొదట చెప్పిన ధర అసలు ధర కాదన్నది మా ఇంట్లో ఉగ్గుపాలతో పట్టేవాళ్ళు. 'నువ్వు వాదించవయ్యా, జడ్జితో బేరమాడతావు' అని మా సీనియరు గారు నవ్వేవారు. డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాస్తే మూడు రోజులకు తెగ్గొట్టడానికి చూస్తానని మా ఇంటావిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

కేసు తొంభైల చివరిది. తండ్రి గుంటూరు జిల్లా నల్లరేగడి ఊళ్ళో కౌలుకు పత్తి వేసేవాడు. ఏ మందు కొట్టినా పచ్చపురుగు చావని ఏళ్ళవి. వరసగా పంట పోయింది, ఇంట్లో మాటా మాటా పెరిగింది. తల్లి సింగరాయకొండ దగ్గరున్న పుట్టింటికి వెళ్ళిపోయి కుట్టుమిషను పెట్టుకుంది. పదేళ్ళ కూతురు మాత్రం తల్లి వెంట కదల్లేదు. తండ్రి పిల్లను చేలో పనికి తిప్పుతున్నాడని, బడి మాన్పిస్తున్నాడని తల్లి పిటిషను వేసింది. పిల్ల తన ఇష్టంతోనే నా దగ్గరుందని తండ్రి బదులిచ్చాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పిల్ల వాకిట్లో గిన్నెలు కడుగుతోంది. పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను.

"ఏమ్మా, నీకెవరి దగ్గర…"

"నాన్న దగ్గర."

"అమ్మంటే ఇష్టం లేదా?"

"ఇష్టమే."

"మరి అమ్మ దగ్గరికి…"

"నాన్న దగ్గరే."

నేను ఎటు తిప్పి అడిగినా అదే జవాబు. అంత కచ్చితంగా ధర చెప్పేవాళ్ళు నాకు బాగా తెలుసు. కొట్లో కొత్తగా చేరినవాళ్ళకి 'ఇదీ ధర, ఇంకొక్క మాట మాట్లాడావంటే మునిగామే' అని నేర్పి కూర్చోబెట్టేవాళ్ళం. ఈ పిల్లకీ ఎవరో నేర్పారని తేల్చేసుకున్నాను.

అక్కడినుంచి బడికి వెళ్ళాను. టీచరమ్మది ఆ ఊరి చర్చి వీధే. పిల్లలందరి ఇళ్ళూ, ఇంటి గొడవలూ తెలిసిన మనిషి.

"తెలివైన పిల్లండీ. కానీ పత్తికి మందు కొట్టే రోజుల్లో రాదు. వాళ్ళ నాన్నతో చేలోకి పోద్ది" అంది.

"పనికా?"

"ఇంకెందుకండీ? నీళ్ళు మోయిస్తుంటాడు. నేను ఇంటికి పోయి కేకలేశా కూడా. 'నేను రమ్మనలేదమ్మా, అదే వస్తంది' అంటాడు. నమ్మమంటారా?"

నేనూ నమ్మలేదు. నేర్పిన జవాబు ఒకటి, పోయిన బడి ఒకటి. మూట కట్టేసినట్టే అనిపించింది. కోర్టు క్యాంటీనులో తల్లి తరఫు వకీలు నా ముఖం చూసే వాసన పట్టాడు. "ఇవాళ కాఫీ నాదే గురువు గారూ" అన్నాడు. తాగాను. రెండోది కూడా అడిగి తాగాను.

జడ్జి గారు మాత్రం నా మాట సగంలోనే ఆపారు.

"ఆ పిల్ల చేలో ఏం పని చేస్తోంది?"

"నీళ్ళు మోస్తోందని టీచరు…"

"మీరు చూశారా?"

చూడలేదు.

"చూసి రండి."

ఈసారి చెప్పకుండా, మందు కొట్టే రోజున వెళ్ళాను. ముక్కుకు తువ్వాలు కట్టుకుని తండ్రి సాళ్ళ మధ్య స్ప్రేయరుతో నడుస్తున్నాడు. పిల్ల గాలికి ఎదురు పక్కన గట్టు మీద గొడుగేసుకుని, ఒళ్ళో తెలుగు వాచకం పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు తండ్రే మోసుకుంటున్నాడు. ఆమె పక్కన ఒక గోనెసంచి ఉంది, అందులో మందు డబ్బా. స్ప్రేయరు ఖాళీ అయినప్పుడల్లా అతను వచ్చేవాడు. పిల్ల సంచి ముడి విప్పి, డబ్బా తీసి, మూతతో కొలిచి పోసి, మళ్ళీ సంచిలో పెట్టి ముడేసేది. ఆ ముడి మీద చెయ్యేసుకునే పాఠం చదివేది.

ఇక్కడ కూడా నా బుర్ర తప్పుదోవే పట్టింది. విషం పిల్లచేత ముట్టిస్తున్నాడన్నమాట, ఇంకా మంచి సాక్ష్యం దొరికిందనుకున్నాను.

పని అయిపోయింది. "అక్కడ పెట్టమ్మా, నేను తెస్తాలే" అన్నాడు తండ్రి. పిల్ల వినిపించుకోలేదు. సంచి ఒంటికి తగలకుండా చెయ్యి బారచాపి పట్టుకుని ఇంటిదాకా తనే మోసింది. పెరటి గదిలో పెట్టి, తాళమేసి, తాళంచెవి లంగా నాడాకు కట్టుకుంది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. తండ్రి స్నానానికి పోయాడు.

నేను మంచినీళ్ళు అడిగాను. తెచ్చింది.

"తాళంచెవి నీ దగ్గరుందేమ్మా?"

"ఊరికే."

అప్పటిదాకా ఏ ప్రశ్నకూ తడుముకోని పిల్ల ఆ ఒక్కదానికి తడుముకుంది. నేను అరుగు మీద సర్దుకుని కూర్చున్నాను.

"మందు డబ్బా ఎవరెత్తుకుపోతారు? దొంగలకి ఇంకేమీ దొరకదా?"

ఆమె స్నానాల గది వైపు చూసింది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"మా వీధి చివరాయన మీకు తెలీదు. ఆయనదీ పత్తే. పురుగుమందు తాగి చచ్చిపోయాడు. నాన్న అక్కడికి పోయి వచ్చి, మా వసారాలో మందు డబ్బాల పక్కనే కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే పలకలా. చాలాసార్లు పిలిచా. చెయ్యి డబ్బా మీదేసుకుని అట్టనే కూర్చున్నాడు." ఆగింది. "తెల్లారి డబ్బాలన్నీ పెరటి గదిలో పెట్టి, ట్రంకుపెట్టె తాళం తీసి ఆ గదికి వేశా."

"అమ్మకి చెప్పలేదా?"

"చెబితే అరుస్తది. అరిస్తే నాన్న ఇంకా…" లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. ఆమె గొంతు తగ్గించింది. "మీరు కూడా ఎవరికీ చెప్పొద్దు సార్. కోర్టులో అసలు చెప్పొద్దు."

సరేనన్నాను. ఆ క్షణాన ఇంకేమనగలను?

నేర్పిన జవాబు కాదు, పనీ కాదు. ఆ పిల్ల కాపలా కాస్తోంది. బడి మానేది అందుకే. తల్లి వెంట వెళ్ళనిదీ అందుకే.

ఆ తర్వాత వారం రోజులు రిపోర్టు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. సంగతి కోర్టులో చెప్పాననుకోండి, తల్లి వకీలు దాన్ని హాలంతా వినిపించేలా చదువుతాడు. పిల్లను వెంటనే తీసుకెళ్తారు. ఊరంతా తెలిసిన సిగ్గుతో ఆ ఇంట్లో అతనొక్కడూ, ఆ డబ్బాలూ మిగులుతారు. చెప్పకపోతే, పదేళ్ళ పిల్ల ఆ ముడి మీద చెయ్యేసుకుని, ఆ గాలి పీలుస్తూ ఇంకెన్నాళ్ళు కూర్చోవాలి? కావాల్సింది చెప్పమన్నారు, మంచిది చెప్పమన్నారు జడ్జి గారు. రెండూ ఒక తాటి మీదకి రావడం లేదు. ఏ పుస్తకంలోనూ దానికి సెక్షన్ లేదు. పొద్దున్నే కాఫీకి ముందే పేపరులో జిల్లా పేజీ తెరిచి, ఆ ఊరి పేరు కోసం వేలితో వెతికేవాణ్ణి.

"ఏ వార్త కోసమండీ?" అంది మా ఇంటావిడ.

"లేని వార్త కోసం."

చివరికి తండ్రి దగ్గరికే వెళ్ళాను. బస్సు స్టాపు దగ్గర టీ కొట్టు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఎలా మొదలెట్టాలో తెలియక, అవసరం లేని మాటలు చాలా మాట్లాడాను. ఆఖరికి అడిగేశాను.

"ఏమయ్యా, ఆ గది తాళంచెవి నీ కూతురు ఎందుకు దాస్తుందో తెలుసా?"

టీ గ్లాసు కింద పెట్టాడు.

"తెలుసండీ."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఒకరోజు మధ్యాహ్నం బుద్ధి చెడింది లాయరు గారూ. గది దగ్గరికి పోయా. తాళం. అది బడిలో ఉంది. బడికి పోయి, టీచరమ్మ ముందర, 'అమ్మా, ఆ గది తాళంచెవి ఇయ్యవే' అని అడగాల. సగం దారి పోయా." అతను రోడ్డు వైపు చూస్తున్నాడు. "ఎందుకు నాన్నా అంటే ఏం చెప్పాలండీ? వెనక్కొచ్చేశా."

టీ డబ్బులు నేనిచ్చాను.

"ఇక నా పిల్లని తీసుకుపోతారా?" అన్నాడు.

"నీ మాటేంటి?"

"తీసుకుపోండి. నన్ను కనిపెట్టుకుని కనిపెట్టుకుని దాని మొహం ముసలమ్మ మొహమైపోయింది. కాకపోతే అది రాదు. మీరే ఏదో ఒకటి చెప్పి ఒప్పించాల."

ఇంటికి వెళ్ళాం. మమ్మల్నిద్దర్నీ కలిసి చూడగానే పిల్లకు అర్థమైపోయింది. "చెప్పేశారా?" అంది నాతో. అంత మర్యాదగా నన్ను మోసగాడన్నవాళ్ళు మరొకరు లేరు.

"ఆయన చెప్పలా. నాకు ముందే తెలుసమ్మా" అన్నాడు తండ్రి.

"తెలిస్తే తాళంచెవి ఎందుకు అడగలా?"

"సిగ్గేసింది."

అప్పుడు ఏడ్చింది. అన్నిసార్లు చూశాను గానీ, ఆ పిల్ల పదేళ్ళ పిల్లలా కనిపించడం అప్పుడే. తండ్రి పక్కన కూలబడి వీపు నిమురుతూ ఉండిపోయాడు.

కాస్త తేరుకున్నాక బేరం మొదలైంది. అమ్మ దగ్గరికి వెళ్ళాలంటే నీకేం కావాలో చెప్పు అన్నాను. ముక్కు తుడుచుకుని ఒక్కొక్కటే చెప్పింది. మందు డబ్బా ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదు, ఊళ్ళో మందుల కొట్లోనే ఉంచి కొట్టే రోజున తెచ్చుకోవాలి, మిగిలింది తిరిగిచ్చేయాలి. సరే అన్నాను. మేనత్త వచ్చి ఈ ఇంట్లో ఉండాలి. తండ్రి తలూపాడు. రోజూ సాయంత్రం నాన్న ఫోను బూతు దగ్గరికి రావాలి. ప్రతి శనివారం తను ఇక్కడికి రావాలి.

అలవాటు నోరు ఊరుకుంటుందా? "ప్రతి శనివారం ఎందుకమ్మా, అంత దూరం బస్సు ప్రయాణం. నెలకోసారి వస్తే సరిపోదూ? పోనీ, రెండుసార్లు?" అన్నాను.

పిల్ల లేచింది. లంగా దులుపుకుంది. గుమ్మం వైపు నడిచింది. ఆ నడక నాకు బాగా తెలుసు. కొట్టు మెట్లు దిగిపోతున్న కొనేవాడి నడక అది. వీధి దాటాడంటే తిరిగి రాడు.

"సరే సరే, ప్రతి శనివారం. వచ్చి కూర్చో తల్లీ!"

అడిగిన ధరకి నేను ఒప్పుకున్న బేరం జన్మలో అదొక్కటే. మా నాన్న బతికుంటే కొట్టు మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

ఛాంబరులో ఆ తల్లిదండ్రులిద్దరూ తప్ప ఎవరూ ఉండకూడదని జడ్జి గారిని బతిమాలుకున్నాను. వకీళ్ళిద్దరూ బయట గొణుక్కున్నారు. జరిగింది చెప్పాను. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అంతా అయ్యాక నా వైపు చూడలేదు, జడ్జి గారి వైపూ చూడలేదు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా" అంది భర్తతో.

"భయపడతావని."

"ఇప్పుడేం చేస్తన్నా?"

జడ్జి గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. పిల్ల తల్లి దగ్గర ఉండేట్టు, మిగతావి ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఏర్పాట్లన్నట్టు రాయించారు. డబ్బాల మాట కాగితం మీదకి రానీయలేదు. "మొదట్లో కొన్ని శనివారాలు మీరే దగ్గరుండి తీసుకెళ్ళండి" అన్నారు నాతో. బజ్జీల బండి వైపు చూసినందుకు పడాల్సిన శిక్షలో అది చివరి భాగం.

మొదటి శనివారానికి ముందు రోజు సాయంత్రం పిల్ల ఫోను చేస్తే, బూతు అతను 'మీ నాన్న ఇవాళ రాలేదమ్మా' అన్నాడట. పొద్దున గుంటూరు బస్టాండులో అమ్మ తరఫు తాత నాకు అప్పజెప్పినప్పుడు ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది. ఊరు వెళ్ళే బస్సులో ఇంకేమీ మాట్లాడలేదు. నేను చెప్పిన ధైర్యం నాకే అతకడం లేదు. ప్రతి స్టాపులోనూ డ్రైవరు కావాలనే ఆపుతున్నట్టనిపించింది.

ఇంటికి తాళం.

ఎదురింటావిడ బయటికొచ్చింది. "మేనత్త మిరపకాయల కోతకు పోయింది. ఆయనా? చీకటితోనే తెల్లచొక్కా ఏసుకుని పోయాడు. ఎటు పోయేదీ చెప్పలా."

పిల్ల పరుగెత్తింది. నేను నా పొట్టతో వెనకాల పరుగెత్తాను. తిన్నగా మందుల కొట్టు దగ్గరికి పోయి, బల్ల అందక మునివేళ్ళ మీద నిలబడింది. "మా నాన్న డబ్బా తీసుకుపోయాడా?"

"లేదే. నీ డబ్బాలన్నీ అదిగో, పైనే ఉన్నాయి. ఏందే, ఏమైంది?"

అప్పుడు చేలోకి పరుగెత్తబోయింది. చేతులు పట్టుకుని ఆపబోతుంటే వీధి అవతల బూతు అతను తల బయటపెట్టి కేకేశాడు. "ఏయ్ పిల్లా! మీ అమ్మ, ఫోనులో! ఇందాకట్నుంచి చేస్తానే ఉంది!"

పిల్ల పరుగున పోయి ఫోను అందుకుంది. అవతలి మాట నాకు వినపడదు. ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఎక్కడ?… తాత ఇంట్లోనా?… ఫోను నాన్నకియ్యి. నాన్నా! నేనే వస్తానని చెప్పానా లేదా?… ఆఁ… నన్ను తీసుకురావడానికి నువ్వెందుకు పోవాల? కోర్టు సారు తెస్తారని చెప్పారుగా?… మరి నిన్న బూతు దగ్గరికి ఎందుకు రాలా?… చెప్పులు కొనడానికా?"

అత్తవారింటికి మందు మరకల చెప్పులతో పోవడం బాగుండదని ముందురోజు సాయంత్రం టౌనుకు పోయాడట. పొద్దున ఎక్కడో దారిలో మా బస్సూ, అతని బస్సూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

"అన్నం తిన్నావా?… సరే, అమ్మకియ్యి. అమ్మా, నిజంగా తిన్నాడా?"

ఫోను పెట్టేసింది. "తిన్నాడంట" అంది నాతో.

ఆ ఆలుమగలు మళ్ళీ కలిశారా అని అడుగుతారు, నాకు తెలుసు. కలవలేదు. అతను కొన్నేళ్ళకు పత్తి మానేసి మిరప వేశాడు. దానిలో ఒక ఏడు మిగిలింది, ఒక ఏడు పోయింది. బతికున్నాడు, మాకు కావాల్సింది అదే. ఆ శనివారం గురించి జడ్జి గారికి నేను రాసిన రిపోర్టులో తండ్రీకూతుళ్ళు కలవాల్సిన చోట కలవలేదనీ, కలవకూడని ఊళ్ళో తండ్రి భోంచేశాడనీ రాయాల్సి వచ్చింది. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నారు.

ఆ రోజు తిరుగు బస్సుకు ఇంకా చాలా టైముంది. పిల్ల బూతు ముందు నిలబడిపోయింది. ఎటు పోవాలో తెలియనట్టు వీధి ఇటు చివరా అటు చివరా చూసింది. ఇంటికి తాళం, గదిలో ఏమీ లేదు, నాన్న కూడా ఊళ్ళో లేడు. వీధి మధ్యలో ఆడపిల్లలు గళ్ళు గీసుకుని తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. ఒకతె పిలిచింది. "ఏమే, వస్తావా?"

పిల్ల నా వైపు తిరిగింది. "ఆడుకోనా సార్?"

"పో."

నేను ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి గోల వినిపించింది.

"గీత తొక్కావే! అవుటు!"

"తొక్కలా!"

"తొక్కావు, నేను చూశా!"

"తొక్కలేదంటుంటే! కావాలంటే మా కోర్టు సార్‌ని అడుగు!"

పిల్లలందరూ నా చుట్టూ మూగారు. నడుం మీద చేతులేసుకుని అందరికంటే ముందు ఆమె. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి గీతా చూడలేదు, కాలూ చూడలేదు.

"తొక్కలేదు" అన్నాను.

కోర్టు నన్ను వేసింది ఆమె తరఫునే కదా.